ముందే రాసిపెట్టిన ఉత్తరాలు

కేంబ్రిడ్జ్
జూన్ 9

సుగుణక్కకి,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడి ఉంటావు. ఏమీ కాలేదు. సైన్స్ పార్కులో నన్ను కొత్త ల్యాబుకి మార్చారు. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే లాకర్లో పెట్టేయాలి. నేను బయటపడేసరికి నీకు నిద్రవేళ. అందుకని నెలకో ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. నాన్న ఉంటే సంతోషించేవారు. ముప్పై ఏళ్ళు కంచరపాలెంలో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి కొడుకు చివరికి ఒక స్టాంపు కొన్నాడని.

మా ఫ్లాట్‌మేట్ లోకేష్ వంట నేర్చుకుంటున్నాడు. మొన్న చింతపండు లేదని పప్పులో కెచప్ వేశాడు. తిన్నాను, బతికే ఉన్నాను. హర్ష బావకి నమస్కారాలు. వర్షిత పరీక్షలు బాగా రాసిందని అనుకుంటున్నాను.

ఊరికే ఫోన్లు చేసి లోకేష్‌ని విసిగించకు. వాడు మొహమాటస్తుడు.

నీ తమ్ముడు
అఖిలేష్

*

నాటింగ్‌హామ్
జూన్ 14

ఒరేయ్ అఖిల్,

ఫోన్లో ‘ఓకే’, ‘హ్మ్’ తప్ప మూడో మాట కొట్టని వాడివి, నాకు ఉత్తరం రాశావు. అదీ స్టాంపు అంటించి. నువ్వు ఏదైనా దాస్తున్నప్పుడే ఇంత మర్యాదగా ఉంటావు. ఇంటర్లో ఫిజిక్స్ తప్పినప్పుడు వారం రోజులు నా యూనిఫాం ఇస్త్రీ చేసిపెట్టావు. ఎనిమిదో రోజు మార్కుల లిస్టు బయటపడింది.

ల్యాబులో ఫోను వద్దంటే సరే, ఇంటికొచ్చాక నీ ఫోనుకి ఏం రోగం? నా షెల్ఫులో గాయాలు, రక్తస్రావం మీద ఎర్రట్ట పుస్తకం ఒకటుండాలి, కనపడటం లేదు. పట్టుకెళ్ళింది నువ్వేనా? గాజు పళ్ళేల్లో కణాలు పెంచుకునేవాడికి తెగిన కాలికి కట్టు కట్టడం ఎందుకురా? ఈస్టర్ సెలవుల్లో వచ్చినప్పుడు బావ తొడకి పట్టీ బిగించి గడియారం చూసుకుంటూ కూర్చున్నావు. ఆటనుకున్నాం. బావ కాలు సాయంత్రం దాకా తిమ్మిరెక్కింది.

ఇంకొకటి. మీ క్లాసులో చదివిన బర్మా అమ్మాయి పంపే వీడియోలు ఇంకా చూస్తున్నావా? నాయనమ్మ రంగూన్లో పుట్టింది, కాదనను. అరవై నాలుగులో ఆరేళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఓడ దిగి, విశాఖలో బర్మా క్యాంపులో కాపురం పెట్టింది. ఎవరైనా ఆ దేశం సంగతి అడిగితే ఏమనేది? “ఆ ఊరు మనకి కూడెట్టింది, ఆ ఊరే తన్ని తగిలేసింది. మరి దాని ఊసెత్తకండర్రా.” అంతే. నాయనమ్మ వెంకటరమణమ్మగారే వదిలేసిన ఊరిని నువ్వు నెత్తికెత్తుకోకు. అక్కడ సైన్యమూ, దానిమీద తిరగబడ్డవాళ్ళూ కొట్టుకుంటుంటే మధ్యలో నీకేం పని?

వీటికి జవాబులు రాయి. కెచప్ పప్పు గురించి కాదు.

సుగుణ

*

కేంబ్రిడ్జ్
జూలై 8

సుగుణక్కకి,

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే తిట్లు, ఎప్పటిలాగే నవ్వుకున్నాను.

ఇక్కడ ఎండలు బాగానే ఉన్నాయి, మధ్యమధ్యలో వాన. ఆదివారం నది ఒడ్డున కూర్చున్నాను. టూరిస్టులు పడవ కర్ర బురదలో ఇరుక్కుని నీళ్ళలో పడుతుంటే చూడటం సరదాగా ఉంటుంది. పని ఎక్కువగానే ఉంది కానీ నేర్చుకుంటున్నాను. వేళకి తింటున్నాను. నువ్వు కూడా నైట్ షిఫ్టులు తగ్గించుకో. మీ మేనేజర్‌తో డ్యూటీల రోటా గురించి మాట్లాడు.

అఖిలేష్

*

నాటింగ్‌హామ్
జూలై 15

అఖిల్,

తిట్లు చదివి నవ్వావు సరే, అడిగినవి ఏవి? పుస్తకం మాట లేదు, ఫోను మాట లేదు. నేను ఉత్తరం రాయకపోయినా నువ్వు ఇదే రాసేవాడివేమో అనిపించింది.

లోకేష్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి నువ్వు స్నానం చేస్తున్నావట. రెండోసారి టేక్‌అవేకి వెళ్ళావట. మూడోసారి నిద్రపోతున్నావట, మధ్యాహ్నం పన్నెండింటికి. వచ్చే ఆదివారం కారేసుకుని వస్తానంటే “అక్కా, ఆ రోజు వాడికి ల్యాబ్” అన్నాడు. ఆదివారం పూట ఏం ల్యాబురా? వాడు అబద్ధాలకి పనికిరాడు, ఇంకొకణ్ణి చూసుకో.

పక్కనుంచి వర్షిత విని “మామ్, హి ఈజ్ సో లయింగ్” అంది. పదహారేళ్ళ పిల్లకి అర్థమైంది.

ఈ నెలంతా మా వార్డులో మనుషుల్లేరు, సెలవు దొరకదు. లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉండేదాన్ని.

నాన్న తిథి ఆగస్టులో. గుడి క్యాలెండర్ చూశాను. ఇక్కడ సోమవారం వచ్చింది, పంతొమ్మిదో తారీఖు. గుర్తు పెట్టుకుని పంతులుగారికి స్వయంపాకం ఇవ్వు. కొడుకువి నువ్వొక్కడివే.

సుగుణ

*

కేంబ్రిడ్జ్
ఆగస్టు 21

సుగుణక్కకి,

మంగళవారం నాన్న తిథి చేసుకున్నాను. ల్యాబుకి సెలవు పెట్టి, తలంటుకుని గుడికి వెళ్ళాను. బియ్యం, కందిపప్పు, అరటికాయలు, నెయ్యి, తాంబూలం అన్నీ సంచిలో సర్ది పంతులుగారి చేతికిచ్చాను. గోత్రం అడిగారు, నాన్న పేరు చెప్పించారు. నువ్వు ఎలా ఉన్నావని కూడా అడిగారు. మనసు తేలికపడింది.

నువ్వు నా గురించి అనవసరంగా ఆలోచిస్తావు.

అఖిలేష్

*

కేంబ్రిడ్జ్, నీ వంటింట్లో
ఆగస్టు 25

అఖిల్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివి పంతులుగారికి ఫోన్ చేశాను.

“మీ తమ్ముడా? రాలేదమ్మా. సోమవారమే కదా తిథి, ఆ రోజు తొమ్మిదిమంది ఇచ్చుకున్నారు. మంగళవారం నేను ఊళ్ళోనే లేను, లెస్టర్లో పెళ్ళి చేయిస్తున్నాను” అన్నారు.

ఈ దేశంలో ఉన్న మనవాళ్ళెవరూ ఈ తప్పు చేయరురా. మనం ఇండియాకి నాలుగున్నర గంటలు వెనక. తిథి అక్కడ మంగళవారం పడితే చాలాసార్లు ఇక్కడ సోమవారమే వచ్చేస్తుంది. అందుకే ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద గుడివాళ్ళ క్యాలెండర్ ఉంటుంది. నువ్వు విశాఖ క్యాలెండర్ చూసి రాశావు. అదీ నా ఉత్తరం రాకముందు, ఎప్పుడో కూర్చుని రాసేశావు. నేను సోమవారమని రాసిన ఉత్తరం నువ్వు చదవనేలేదు.

పొద్దున్నే సిక్ అని చెప్పి బండి తీశాను. పదకొండేళ్ళలో మొదటిసారి పనికి అబద్ధం చెప్పాను, నీ మూలాన. లోకేష్ తలుపు తీశాడు. నీ గదిలో ఎవరో తమిళ కుర్రాడు ఉన్నాడు, మే నెల నుంచీ ఉన్నాడట. నా ఉత్తరాలు రెండూ మైక్రోవేవ్ వెనక ఉన్నాయి, విప్పకుండా. సొరుగులో నీ చేతిరాతతో ఇంకా మూడు కవర్లు. వాటి మీద లోకేష్ పెన్సిల్‌తో రాసుకున్నాడు, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ అని.

నవంబర్లో నువ్వేం చేస్తున్నావో మేలోనే రాసేశావా? నువ్వు లేకపోయినా నీ ఉత్తరాలు వస్తూ ఉండాలనా? నువ్వు చచ్చిపోతే, నేను ఇక్కడ నవంబర్ దాకా నీ క్షేమసమాచారాలు చదువుకుంటూ కూర్చోవాలా? నాన్న తిథి గురించి కూడా అబద్ధం రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

“అక్కా, వాడు మీ అమ్మగారి ఫోటో మీద నాచేత ఒట్టేయించుకున్నాడు” అని లోకేష్ ఏడ్చాడు. ఏడిస్తే వదిలానా. బర్మా వెళ్ళావని, అక్కడ తిరుగుబాటు సైన్యంలో చేరావని చెప్పాడు. వారానికి ఒకసారి నీకు ఇంటర్నెట్ దొరుకుతుందట. ఈ కాగితం నా ఎదురుగానే ఫోటో తీసి నీకు పంపుతాడు.

పది రోజులు టైమిస్తున్నాను. పది రోజుల్లో నీ చేత్తో, ఇప్పుడు రాసిన ఉత్తరం నాకు కావాలి. రాకపోతే పోలీసుల దగ్గరికి వెళ్తాను. వెళ్తానా లేదా అని ఆలోచించకు, వెళ్తాను.

సుగుణ

*

ఊరి పేరు రాయకూడదు
సెప్టెంబర్ 2

అక్కా,

ఇది ఫోటో. లోకేష్ ప్రింట్ తీసి నీకు పంపుతాడు. ఇది నిజంగా ఇవాళే రాస్తున్నాను. ఇక్కడ వాన, పొద్దుటి నుంచీ టార్పాలిన్ మీద నీళ్ళు తోడుతున్నాం.

క్షమించు అని రాస్తే నీకు ఇంకా కోపం వస్తుంది, అందుకని రాయను. ఉద్యోగం మేలోనే మానేశాను. చదువయ్యాక ఇచ్చిన రెండేళ్ళ వీసా ఇంకా ఏడు నెలలుంది. నేను ఆ ల్యాబుకి ఒకరోజు వెళ్ళకపోతే ఎవరికీ తెలిసేది కాదు అక్కా. ఇక్కడ మూడు కొండలకి ఒక్క డాక్టరు. ఆయన నిద్రపోయినప్పుడు నేను.

వచ్చిన కొత్తలో నా ముఖం చూసి గూఢచారి అనుకున్నారు. మనలాంటివాళ్ళని ఇక్కడ ‘కలా’ అంటారని నాయనమ్మ చెప్పేదే, ఆ మాట మొదటిరోజే విన్నాను. ఆరు వారాలు రోజూ నా సంచి విప్పి చూసేవాళ్ళు. మందులు నేను ముట్టుకుంటే పక్కన ఒకణ్ణి నిలబెట్టేవాళ్ళు. నాతో వేల్స్ నుంచి వచ్చిన తెల్లాయన ఒకడున్నాడు, యాభై రెండేళ్ళ ప్లంబర్, పూర్వం సైనికుడు. ఆయన్ని చూస్తే అందరికీ నమ్మకం. నన్ను చూస్తే అనుమానం. నాయనమ్మ ఇక్కడే పుట్టిందని చెప్పాక ఒక ముసలావిడ నాకు టీ పోసింది.

నేను ఏ ఆయుధమూ ముట్టుకోలేదు. గాయపడినవారికి ప్రథమ చికిత్స మాత్రమే చేయుచున్నాను. ఎటువంటి పోరాటంలోనూ పాల్గొనలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. బావకి కూడా. నువ్వు చెప్పలేదు కదా?

అఖిల్

*

నాటింగ్‌హామ్
సెప్టెంబర్ 7

అఖిల్,

బతికి ఉన్నావు. ఆ కాగితం పట్టుకుని బాత్‌రూంలో తలుపేసుకుని ఏడ్చాను. ఇప్పుడు కళ్ళు తుడుచుకుని కూర్చున్నాను కాబట్టి అడుగుతాను.

నీ కుడిచేతికి ఏమైంది?

నర్సుని నేను. ఎడంచేత్తో రాసినవాళ్ళ చార్టులు వేలకొద్దీ చూశాను. నీ అక్షరాలు నీవే, కానీ వెనక్కి వాలిపోయాయి, ప్రతి వరుసా మణికట్టుతో తుడుచుకుపోయింది. ఫోటోలో కూడా తెలుస్తోంది. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి కుడిచేతివాటమే. అన్నం ఎడంచేత్తో తిన్నందుకు నాయనమ్మ తొడపాశం పెడితే ఏడ్చింది నేను, నువ్వు కాదు.

ఆయుధం గురించి రాసిన ముక్క ఒకటుంది చూడు. ‘ప్రథమ చికిత్స మాత్రమే చేయుచున్నాను’ అట. నువ్వెప్పుడు ‘చేయుచున్నాను’ అన్నావురా? నోటీసు బోర్డు మీద నుంచి దింపినట్టుంది. అక్కడ మాత్రం నువ్వు నాతో మాట్లాడటం లేదు. ఎవరో పక్కన నిలబడి రాయించారా? నువ్వు తుపాకీ పట్టావా?

నేను ఎవరికీ చెప్పలేదు. బావకి కూడా. ఆ భయం పెట్టుకోకు.

ఇంటికి రా. అంతకన్నా నాకేం అక్కర్లేదు.

సుగుణక్క

*

థాయిలాండ్, సరిహద్దు దగ్గర ఆసుపత్రి
సెప్టెంబర్ 24

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదు. ఆగస్టు చివర్లో మందుపాతర పేలింది. నేను దానికి దూరంగానే ఉన్నాను, నా ముందున్నవాడు దగ్గరున్నాడు. కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. బొటనవేలు ఉంది, డాక్టరు చాలా అదృష్టం అన్నాడు. చీము పట్టడంతో ఇటువైపు దాటించారు. జ్వరం తగ్గింది. నువ్వు అడిగేలోపే చెబుతున్నాను, యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడుతున్నాను.

వేళ్ళు లేనివాణ్ణి వాళ్ళేం చేసుకుంటారు, వెళ్ళిపొమ్మన్నారు. మర్యాదగానే అన్నారు. వెల్ష్ ప్లంబర్ నన్ను హత్తుకుని ఏడ్చాడు. అక్టోబర్ పద్దెనిమిది శుక్రవారం హీత్రూకి టికెట్ తీసుకున్నాను.

ఎయిర్‌పోర్టుకి వస్తావా? ఒక్కదానివే వస్తావా, నీతో ఇంకెవరైనా ఉంటారా?

ఇక లోకేష్ ద్వారా వద్దు. ఈ ఆసుపత్రి అడ్రసుకే రాయి, కొరియర్ వస్తుంది.

అఖిల్

*

నాటింగ్‌హామ్
సెప్టెంబర్ 30

అఖిల్,

ఇంకెవరైనా ఉంటారా అని అడిగావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. మూడు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను.

ఉంటారు.

నీకు పది రోజులు టైమిచ్చానా. పది గంటలు కూడా ఆగలేదు. ఆ రోజు మీ ఫ్లాట్ నుంచి ఇంటికి రాలేదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. నీ మూడు కవర్లు కౌంటర్ మీద పెట్టి ‘నా తమ్ముణ్ణి వెనక్కి తీసుకురండి’ అన్నాను. వాళ్ళు ఎవరినీ తీసుకురారట. ఇద్దరు ఆఫీసర్లు ఇంటికి వచ్చారు, ఒకావిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. నువ్వు దిగగానే వాళ్ళు నీతో మాట్లాడతారు. కేసు అవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. “ఆయన అక్కడ ఆయుధం వాడారా లేదా అన్నది మాకు ముఖ్యం” అంది. నీ ఉత్తరాలన్నీ కావాలంది. ఇచ్చాను. ఇకమీదట వచ్చేవి కూడా ఇస్తానని సంతకం పెట్టాను.

ఆ తర్వాతే నీకు ‘ఎవరికీ చెప్పలేదు’ అని రాశాను. నీ అబద్ధాలు పట్టుకుని ఊరేగించిన దాన్ని నేను.

భయమేసిందిరా. అంతకుమించి నా దగ్గర వేరే కారణం లేదు. నువ్వు అక్కడ ఉంటే చస్తావు, ఇక్కడ జైలుకెళ్ళినా బతికుంటావు అనుకున్నాను. నిన్నడగకుండా నీ బతుకు మీద నేనొక్కదాన్నే నిర్ణయం తీసుకున్నాను. బావకి నిన్న చెప్పాను. “నువ్వు మంచిదానివే సుగుణా, కానీ వాడు నిన్ను క్షమించడు” అన్నారు.

రావద్దని రాద్దామని కూర్చున్నాను. బ్యాంకాక్ నుంచి విశాఖకి వెళ్ళిపో, అక్కడికి నేనొస్తాను అని రాసి చింపేశాను. రమ్మని రాసి అదీ చింపేశాను. ఏది రాసినా మళ్ళీ నేనే నిర్ణయించినట్టు అవుతుంది. నీ ఇష్టం. హీత్రూలో ముందు వాళ్ళు కనపడతారు, తర్వాత నేను. నన్ను చూసి ముఖం తిప్పుకుంటే తిప్పుకో. నేను అక్కడే నిలబడి ఉంటాను.

సుగుణ

*

థాయిలాండ్, ఆసుపత్రి
అక్టోబర్ 7

అక్కా,

నువ్వు చెప్పావని నాకు మొదటినుంచీ తెలుసు.

నువ్వు పది రోజులన్నావు, పోలీసులు మూడో రోజుకే లోకేష్ ఇంటి తలుపు కొట్టారు. వాడు ఆ సాయంత్రమే నాకు మెసేజ్ పెట్టాడు. సుగుణక్క తప్ప ఇంకెవరికీ తెలియదు అన్నాడు. రెండు రోజులు నీ మీద ఒళ్ళు మండిపోయింది. జ్వరంలో నిన్ను తిట్టానట, పక్కమంచం ఆయన చెప్పాడు. అందుకే ‘నువ్వు చెప్పలేదు కదా’ అని అడిగాను. నువ్వేం రాస్తావో చూద్దామని. చెప్పలేదు అని రాశావు. ఎవరితో వస్తావని మళ్ళీ అడిగాను. ఈసారి నిజం రాశావు. ఇంక అడగను.

‘ఆయుధం ముట్టుకోలేదు’ అన్న ముక్క నీకు రాసింది కాదు. వాళ్ళు చదువుతారని రాసింది. నువ్వు చదవగానే పట్టేశావు, వాళ్ళు పట్టలేదేమో. నువ్వు అడిగిన దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను, ఇది నీకే.

ముట్టుకున్నాను. జూలైలో గాయపడినవాళ్ళని మోసుకుని వాగు దాటుతుంటే సైనికులు ఎదురయ్యారు. మాకు కాపలాగా వచ్చినవాడు నా ముందే పడిపోయాడు. వాడి తుపాకీ తీసి కాల్చాను. ఎన్నిసార్లో తెలియదు. వాళ్ళు పారిపోయారు, ఒక్కడు మిగిలాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే నా వయసువాడే. తొడలో తగిలింది. నేనే పట్టీ బిగించాను, నేనే టైము చూసుకున్నాను. గంటా పది నిమిషాలు వాడి పక్కనే ఉన్నాను. నీళ్ళడిగాడు, ఇచ్చాను. రక్తం ఆగలేదు. నా చేతిలోనే పోయాడు. తర్వాత ఎవరూ నా సంచి వెతకలేదు. అప్పటినుంచే మావాళ్ళు నన్ను నమ్మారు, దానికే నాకు వాళ్ళమీద అసహ్యమేసింది. నామీద కూడా.

జ్వరమప్పుడూ, తగ్గాకా, ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పాలని అనిపించలేదు.

నీ మీద కోపం ఇంకా ఉంది. వస్తూ అది కూడా తెస్తాను, ఎదురుగా కూర్చుని తిడతాను. బావ అన్నది మాత్రం తప్పు.

ఇది ఫోటో కాదు, అసలు కాగితం. దీనికి నకలు లేదు, లోకేష్‌కి చూపించలేదు. వచ్చే ఉత్తరాలు ఇస్తానని నువ్వు సంతకం పెట్టావని తెలిసే రాస్తున్నాను. వాళ్ళకి ఇస్తావో, నీ దగ్గరే ఉంచుకుంటావో నీ ఇష్టం. నువ్వేం చేశావని నేను ఎప్పుడూ అడగను.

పద్దెనిమిదో తారీఖు శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి దిగుతున్నాను. నువ్వు ఎవరితో వచ్చినా సరే, నేను ముందు నీకోసమే చూస్తాను.

అఖిల్